బండకు టేపు ఉంది, సాలుకు లేదు

శివరాత్రి దగ్గరపడితే నంద్యాల, ఆళ్లగడ్డ వైపు మాటలన్నీ ఎద్దుల మీదికే పోతాయి. ఏ తిరునాళ్లలో బండ పందెం ఎప్పుడు, పాలపళ్ల విభాగం ఏ రోజు, ఒంగోలు వైపు నుంచి ఏ జత దిగుతోంది? దొర్నిపాడు టీ అంగడి దగ్గర కాసేపు నిలబడితే చాలు, అన్నీ తెలిసిపోతాయి. సొంత ఎద్దు లేనివాళ్లే ఎక్కువ మాట్లాడతారనుకోండి, అది వేరే సంగతి.

పందెం సూత్రం చిన్నది. కాడికి బండ కడతారు. ఇచ్చిన గడువులో అది ఎన్ని అడుగులు కదిలిందో టేపు పెట్టి కొలుస్తారు. జతల్ని పళ్లను బట్టి విభజిస్తారు. ఎద్దుకు పైదవడ ముందు భాగంలో పళ్లుండవు, కింద ఎనిమిది ఉంటాయి. రెండేళ్లు దాటాక నడిమి పాలపళ్లు రెండూ ఊడి పెద్దపళ్లు వస్తాయి. ఆ పైన నాలుగు, ఆరు, ఎనిమిది. కాబట్టి పెదవి ఎత్తి చూస్తే వయసు దాచడం కష్టం.

పెదవి ఎత్తడం ఎవరికైనా వస్తుంది. అసలు విద్య ఆ తర్వాత మొదలవుతుంది. ఎద్దును చూడ్డం తెలిసిన పెద్దాయన మూపురం వైపు ముందు చూడడు. గిట్టలు చూస్తాడు. నల్లగా, గట్టిగా, రెండు చీలికలూ ఎడం లేకుండా ఉండాలి. ఇది నల్లరేగడి నేల. తడిస్తే గిట్టను వదలదు, ఎండితే నెర్రెలిస్తుంది. తర్వాత వెనక్కి వెళ్లి, ఎద్దును పది అడుగులు నడిపించమంటాడు. ముందరి కాలి అచ్చులోనే వెనక కాలు పడుతోందా? మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటున్నాయా? అప్పుడే మెడ దగ్గరికి వస్తాడు. కాడి ఆనేది అక్కడే కదా, అక్కడ పాత పుండు మచ్చ ఉందంటే బేరం సగానికి పడ్డట్టే. సుడుల మంచిచెడ్డలు నేను నమ్మను. కానీ సుడి వెతికే చెయ్యి ఒళ్లంతా తడుముతుంది, కనపడని వాపు దొరికేది అప్పుడే.

గుర్రాన్ని చూసేవాళ్లూ డెక్కల దగ్గరే మొదలుపెడతారు. ఆ విద్య మనకూ కొత్త కాదు, మనుమంచి భట్టు అనే కవి తెలుగులోనే 'హయలక్షణ విలాసం' రాశాడు. తేడా బరువు ఆనే చోట ఉంది. ఎద్దు మూపురం ముందు మెడతో లాగుతుంది. గుర్రం మెడకు పట్టెడ వేస్తారు, అది బరువును భుజాల మీదికి తోస్తుంది. అందుకే దున్నే గుర్రంలో భుజం వాలు, ఛాతీ వెడల్పు చూస్తారు.

గుర్రాలతో దున్నే దేశాల్లో పందెం తీరే వేరు. ఐర్లండ్‌లో 1931లో రెండు జిల్లాల రైతులు గుర్రపు నాగళ్లతో పోటీపడ్డారు. అదే ఇప్పుడు ఏటా జరిగే జాతీయ దుక్కి పోటీ అయింది. ట్రాక్టర్లు వచ్చినా గుర్రాల విభాగం తీసేయలేదు. ప్రపంచ దుక్కి పోటీ 1953లో కెనడాలో మొదలైంది. ఈ పోటీల్లో ఎవరు ముందు ముగించారన్నది లెక్క కాదు. తొలి సాలు తిన్నగా పోయిందా, లోతు ఒకేలా ఉందా, కలుపు పూర్తిగా మట్టి కింద పడిందా అని న్యాయనిర్ణేతలు చేనంతా నడిచి చూస్తారు. గుర్రాల విభాగంలో జంతువు బలంతోపాటు దాన్ని తోలినవాడి చెయ్యీ తేలిపోతుంది.

మన బండ పందెంలో బలమొక్కటే తేలుతుంది. మేపు, ఖర్చు, యజమాని పేరు కూడా తేలతాయనుకోండి. మడక పట్టినవాడి నేర్పు ఎక్కడా లెక్కలోకి రాదు. పందెపు ఎద్దుల్లో చాలావాటికి మడక సంగతే తెలియదు, సేద్యం ఎద్దులు వేరు. ట్రాక్టరు వచ్చాక అవీ పలచబడ్డాయి. తిన్నగా సాలు తోలగలిగిన చేతులు ఇప్పుడు ఎక్కువగా ముసలివాళ్లవే.

బండను ఆపమని నేననడం లేదు. ఒంగోలు జాతి ఈ మాత్రం నిలిచిందంటే అందులో పందేనికీ వాటా ఉంది. తిరునాళ్ల కమిటీల పెద్దలను అడిగేది ఒకటే. ఏరువాక పున్నమినాడు ఒక ఎకరం రేగడి, కొన్ని సేద్యం కాండ్లు, సాలు చూడగల ఇద్దరు ముసలి రైతులు ఉంటే దుక్కి పోటీ అయిపోతుంది. బహుమతి చిన్నదైనా పరవాలేదు. ఈ ఏరువాకకే పెట్టండి.