ఖుర్తుబా సఫర్: మొదటి పొద్దు

అమ్మీ రెండు ఇమామ్ జామిన్‌లు కుట్టి ఇచ్చింది. ఆకుపచ్చ సాటిన్ గుడ్డ, ఒక్కోదాంట్లో పదకొండు రూపాయలు. "చార్ దిన్ గాడీమే జాతే కతే, బాంధో బాబా" అని ఒకటికి నాలుగుసార్లు చెప్పి, నా బ్యాగ్ అడుగున బట్టల మధ్య తనే పెట్టింది. కుడి దండకి కట్టుకోవాలి, మంజిల్ చేరాక ఆ పైసలు సద్ఖా ఇచ్చేయాలి. మా ఇళ్ళల్లో పరీక్షకి పోయినా, పెళ్ళికొడుకు గుర్రమెక్కినా ఇది లేకుండా గడప దాటనివ్వరు.

స్టుట్‌గార్ట్‌లో తమ్ముడి ఇంట్లో బ్యాగ్ విప్పగానే వాడు దాన్ని చూసి నవ్వాడు. "యే సబ్ బిద్అత్ హై భాయ్. అయినా ఖుర్తుబాలో పదకొండు రూపాయలు ఎవరికిస్తావ్, టికెట్ కౌంటర్లోనా?" అన్నాడు. జవాబు తోచలేదు. గోష్త్, పాల సామాను యూరప్‌లోకి తేనివ్వరని నేను ముందే చెప్పడంతో అమ్మీ ఖీమా మానుకుని మీఠీ టికియాలు, నిమ్మకాయ అచార్, శెనక్కాయల పొడి కట్టింది. వాటి మీద మాత్రం వాడికి ఏ ఎతరాజూ లేదు.

ఖుర్తుబా మా అబ్బా పిచ్చి. ఆదోనిలో ఉర్దూ మీడియం బడి మాస్టరు ఆయన. నేనూ ఆయన క్లాసులోనే కూర్చున్నాను. సిలబస్‌లో ఉన్నా లేకున్నా ఏడాదికోసారి ఇక్బాల్ 'మస్జిదె ఖుర్తుబా' చెప్పాల్సిందే. ఇంట్లో ఎప్పటిదో ఒక క్యాలెండర్ బొమ్మ, ఎర్రటి తెల్లటి చారల కమాన్లు వరసగా లోపలికి పోతూ ఉండేది. ఏళ్ళు గడిచి తారీఖుల కాగితాలు ఊడిపోయినా బొమ్మ గోడ మీదే ఉండింది. ఆయన చేసిన అతి పెద్ద సఫర్ అజ్మేర్.

మస్జిద్ కట్టిన అబ్దుర్రహ్మాన్ కథ అబ్బా మాకు అన్నం తినిపిస్తూ చెప్పేవారు. 750లో అబ్బాసీలు బనూ ఉమయ్యా వాళ్ళను వెతికి వెతికి చంపుతుంటే అబ్దుర్రహ్మాన్, అతని చిన్న తమ్ముడు ఫురాత్ నదిలో దూకారు. గట్టు మీది సిపాయిలు "వెనక్కి రండి, అమాన్ ఇస్తాం" అని కేకేశారు. తమ్ముడు నమ్మి వెనక్కి తిరిగాడు. అన్న ఈదుకుంటూ అవతలి గట్టు చేరి తిరిగి చూసేసరికి తమ్ముడి తల తెగిపోయింది. ఆ అన్నే ఐదారేళ్ళు తిరిగి తిరిగి అందలూస్ చేరి 756లో అమీర్ అయ్యాడు, 785 ప్రాంతంలో మస్జిద్ మొదలుపెట్టాడు. 1236లో ఖుర్తుబా ఫెర్డినాండ్ చేతికి చిక్కాక అది గిర్జా అయింది. ఇవాళ్టికీ గిర్జానే, ముసల్మాన్లు లోపల నమాజ్ చేయకూడదు. 1933లో ఇక్బాల్ చేసుకున్నారు, ఆ ఫోటో కూడా ఉంది. "మనకు ఆ పర్మిషన్ రాదు, గార్డులు ఆపేస్తారు, నువ్వు అక్కడ జజ్బాతీ అయిపోవద్దు" అని తమ్ముడు ముందే హెచ్చరించాడు. ఉమ్రాకు పోకుండా గిర్జాకు పోతారేంట్రా అని మా ఫూఫీ అడిగింది. దానికీ నా దగ్గర జవాబు లేదు.

స్టుట్‌గార్ట్ నుంచి ఖుర్తుబా దాదాపు 2,100 కిలోమీటర్లు. విమానమెక్కితే ఒక్క పూటలో తేలిపోయేదానికి నాలుగు రోజులు కార్లో ఎందుకని ఫోన్‌లో అడిగితే వాడన్నాడు, "విమానంలో ఒకసారి పోయి లేటయ్యాను కదా భాయ్." ఎత్తిపొడుపు లేదు, మామూలుగానే అన్నాడు. నేను వెంటనే వీసా కాగితాల గురించి మాట్లాడాను.

సంగతేమిటంటే, 2018 ఏప్రిల్‌లో అబ్బా ఫజర్ వేళకు పోయారు. నేను తమ్ముడికి ఫోన్ చేసేటప్పటికి జర్మనీలో అర్ధరాత్రి రెండు. "టికెట్ దొరికింది, రేపు జుహర్ కల్లా ఆదోనిలో ఉంటా, రోకో భాయ్" అన్నాడు. ఇక్కడ నలభై డిగ్రీల ఎండ. మొహల్లా పెద్దలు మయ్యత్‌ను ఆపకూడదన్నారు, మౌలానా కూడా జల్దీ చేయడమే అఫ్జల్ అన్నారు. ఐస్ బాక్స్ తెప్పించవచ్చు అని ఎవరో అన్నారు. అందరూ నా వైపు చూశారు, పెద్ద కొడుకుని కదా. అసర్ తర్వాత అని చెప్పేశాను. తమ్ముడు మర్నాడు మధ్యాహ్నం బ్యాగ్‌తో నేరుగా ఖబ్రస్తాన్‌కు వచ్చాడు. మట్టి ఇంకా తడిగానే ఉంది. వాడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఈదులకు ఫోన్లు, అమ్మీ మందుల లెక్కలు, అంతకు మించి మా మధ్య మాటలు పెరగలేదు.

బయల్దేరేముందు పని చాలానే ఉంది. ఇక్కడ ఆర్టీవోలో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకున్నాను, ఏడాది చెల్లుతుంది. తమ్ముడు తన కారు ఇన్సూరెన్స్‌లో నా పేరు చేర్పించాడు. డిక్కీలో త్రికోణం బోర్డు, మెరిసే జాకెట్లు. జర్మనీ ఆటోబాన్ మీద కొన్నిచోట్ల వేగానికి హద్దే లేదు, ఫ్రాన్స్‌లో 130, వానపడితే 110, స్పెయిన్‌లో 120. ఫ్రాన్స్ హైవేల మీద టోల్ బాగా పడుతుంది. స్పెయిన్‌లో సముద్రం పక్కనే పోయే రోడ్డుకు 2021 కల్లా చాలావరకు టోల్ ఎత్తేశారు. ముందురోజు సాయంత్రం ఒక పెద్ద కొట్టు ఖాళీ పార్కింగ్‌లో నన్ను గంటసేపు తిప్పాడు. స్టీరింగ్ ఎడమన, బండి కుడిపక్కన. గేరు మార్చబోయి తలుపుకు చెయ్యి కొట్టుకున్నాను ఎన్నిసార్లో.

ఆ ఇంట్లో నమాజ్ ఇంకో చిక్కు. పదిహేను రోజులకన్నా తక్కువ ఉండే నియ్యత్ కాబట్టి, హనఫీల లెక్కలో నేను ముసాఫిర్‌ని, నాలుగు రకాతులవి రెండే. వాడు ముఖీమ్, వాడికి నాలుగూ ఉన్నాయి. వాడి వెనక నిలబడితే నేనూ నాలుగు చదవాలి. నేను ఇమామత్ చేస్తే రెండుకే సలామ్ తిప్పేస్తాను, వాడు ఒక్కడే లేచి మిగతావి పూర్తి చేసుకోవాలి. మొదటిరోజు ఇషాకి అలాగే జరిగింది. సొంత తమ్ముడి ఇంట్లో నేను సలామ్ తిప్పి పక్కన కూర్చుంటే, వాడు నా వెనక లేచి నిలబడ్డాడు. మస్లా తెలిసిందే, అయినా ఎలాగో అనిపించింది. తర్వాతి రోజుల్లో వాడినే ముందు నిలబెట్టాను.

అక్టోబర్‌లో అక్కడ తెల్లవారడం ఏడున్నర దాటాకే. ఫజర్ చదివి చీకట్లోనే సామాను ఎక్కించాం. దుల్హన్ ఫ్లాస్కులో చాయ్ పోసి ఇచ్చింది, పిల్లలు నిద్రకళ్ళతో ఖుదాహాఫిజ్ చెప్పారు. నేను ఇమామ్ జామిన్ నా దండకి కట్టుకున్నాను, రెండోది జేబులో పెట్టుకున్నాను. వాడు చూసీ చూడనట్టు సఫర్ దువా చదివి బండి తీశాడు.

కార్ల్స్‌రూహె దాకా వాన. దక్షిణానికి తిరిగాక తెరిపిచ్చింది. నోయెన్‌బుర్గ్ దగ్గర రైన్ నది దాటితే ఫ్రాన్స్. పాస్‌పోర్ట్ అడిగినవాళ్ళు లేరు, బోర్డుల మీద భాష మాత్రం మారింది. వంతెన మీద ఉన్నప్పుడు తమ్ముడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అడిగాడు.

"జనాజా ఎన్నింటికి లేపారు భాయ్?"

"నాలుగున్నర దాటింది. అసర్ కాగానే."

వాడు మనసులో లెక్కేసుకున్నాడు. "అప్పుడు నేను ఫ్రాంక్‌ఫర్ట్‌లో చెక్-ఇన్ లైన్లో ఉన్నా. నా ముందు ఒక ముసలాయన బ్యాగ్ బరువెక్కువైందని గొడవ పడుతున్నాడు. నేనూ ఆయన తరఫున మాట్లాడా." కాసేపాగి, "అబ్బా ముఖం ఎలా ఉండింది?" అన్నాడు.

ఇన్నేళ్ళలో వాడికి నేను చెప్పలేదు. వాడూ అడగలేదు. చెప్పాను. గుస్ల్ నేనూ మామూ చేయించింది, గడ్డం ఎవరు దువ్వారు, కఫన్ మడతలో పడేటప్పుడు చేతులు ఎంత మెత్తగా ఉన్నాయి, అన్నీ. "ఐస్ బాక్స్ తెప్పిస్తామన్నారు రా. నేనే వద్దన్నా. ఇంకో రాత్రి ఇంట్లో ఆయన్ని అలా చూడలేక. షరీఅత్ మాట పైకి చెప్పా, లోపల సంగతి ఇదీ" అన్నాను.

వాడేమీ అనలేదు. మాఫ్ చేశా అనలేదు, చేయననలేదు. బెల్‌ఫోర్ దగ్గర టోల్ గేట్ వచ్చింది. అద్దం దించి చీటీ తీసి, దాచు అని నా చేతికిచ్చాడు.

బోన్ దాటాక జుహర్‌కి ఆగాం. హైవే పక్కన చెట్లు, చెక్క బల్లలు, అవతల అంగూర్ తోటలు. ఫోన్‌లో ఖిబ్లా చూస్తే ఆగ్నేయం. ఆదోనిలో పుట్టి పెరిగిన ఒళ్ళు ఇంకా పడమరకే తిరుగుతుంది. తడిగడ్డి మీద ప్లాస్టిక్ కవర్ పరిచి, దాని మీద జానమాజ్ వేశాం. ఊరు దాటాం కాబట్టి ఇప్పుడు వాడూ ముసాఫిరే.

"నువ్వు నిలబడు భాయ్" అన్నాడు. రెండు రకాతులు చదివించి సలామ్ తిప్పాను. వెనక ఎవరూ లేచి నిలబడలేదు.

టికియాలు తిని, చాయ్ తాగాక తాళంచెవి నాకిచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. సీటుబెల్టు పెట్టుకోబోయి ఆగి, జాకెట్ విప్పి కుడిచెయ్యి నా వైపు చాపాడు. "ఆ రెండోది జేబులో ఉంది కదా, కట్టు. అమ్మీ అడిగితే అబద్ధం చెప్పలేను."

కట్టాను. ముడి వదులుగా వచ్చింది, మళ్ళీ విప్పి కట్టాను. ఆ తర్వాత కుడివైపు ఉండు, కుడివైపు ఉండు అనుకుంటూ బండిని లియోన్ రోడ్డెక్కించాను.