పూరీ తీరాన నాలుగు రోజులు

మే నెల మధ్యాహ్నం పూరీ తీరంలో ఇసుక నిప్పుల కుంపటి. చెప్పులు లేని పాదం అక్కడ పది అడుగులు వేయలేదు. గాలిలోని తేమ చెమటను ఆరనివ్వదు. వీధిలో కుక్క కూడా దుకాణాల చూరు నీడ వదిలి రాదు. పొద్దు కొంచెం వాలేసరికి సముద్రం మీదినుంచి చల్లగాలి మొదలవుతుంది. నేల త్వరగా వేడెక్కుతుంది, నీరు నెమ్మదిగా వేడెక్కుతుంది. నేల మీది వేడిగాలి పైకి లేచిపోగా ఆ చోటు నింపడానికి కడలి గాలి పరుగెత్తి వస్తుంది. ఆ గాలితోపాటే ఊరు ఊరంతా తీరానికి కదులుతుంది.

1897లో పూరీకి రైలు వచ్చింది. అంతకుముందు జగన్నాథుని దర్శనం కోసం కాలినడకన వచ్చేవారు ఎందరో. రైలు వచ్చిన తరువాత దైవదర్శనానికి సముద్రస్నానం, విహారం తోడైనాయి. కలకత్తా కుటుంబాలకు పూరీ తరతరాల వేసవి విడిది అయింది. ఈనాటికీ తీరంలో ఒడియా తరువాత ఎక్కువగా చెవిని పడే భాష వంగభాషే. అయితే మరొక భాష కూడా అక్కడ ఉన్నది. అది వినాలంటే నీటి అంచుదాకా పోవాలి.

వరంగల్లు నుంచి వచ్చిన దంపతులకు ఆ సంగతి తెలియదు. ఆయన లెక్కల ఉపాధ్యాయుడు, యాభయ్యవ పడిలో ఉన్నవాడు. ఆమె కూడా ఉపాధ్యాయినే. పెళ్ళయి పాతికేళ్ళు నిండిన సందర్భంలో నాలుగు రోజులు పూరీలో గడపాలని వచ్చారు. ఆయన కాకతీయుల చెరువుల సీమలో పుట్టినవాడు. చిన్ననాడు మోటబావి గట్టుమీదినుంచి దూకి ఈత నేర్చినవాడు. ఆమెకు ఈత రాదు. నీరంటే భయం. సముద్రాన్ని విశాఖపట్నంలో ఒకసారి దూరంనుంచి చూసింది, అంతే.

మొదటి సాయంత్రం వారు తీరానికి రాగానే ఒక వృద్ధుడు ఎదురు వచ్చాడు. నల్లని దేహం, మోకాళ్ళ పైకి బిగించిన పంచె, తలపై కొనదేరిన వెదురు టోపీ. స్నానం చేయించడానికి రమ్మంటావా అని ఒడియాలో సైగలతో అడిగాడు. ఈ టోపీలవారే పూరీలోని నోలియాలు. అలల్లోకి దిగే యాత్రికుల చేయి పట్టుకొని, కెరటం వచ్చినప్పుడు పైకెత్తి, స్నానం చేయించి ఒడ్డుకు చేర్చడం వారి వృత్తి. పట్టుకున్న చేతికి కొంత రుసుము పుచ్చుకుంటారు.

ఆయన నవ్వి చేయి ఊపాడు. “పసిపిల్లవాణ్ణా, ఒకరి చేయి పట్టుకొని దిగడానికి?” అని భార్యతో తెలుగులో అన్నాడు. వృద్ధుడు ఒక్క క్షణం ఆగి ఆయన ముఖంలోకి చూశాడు. ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.

మరునాటి ఉదయం ఆరు గంటలకు ఆయన ఒంటరిగా నీటిలో దిగాడు. కళ్ళజోడు, గడియారం భార్య ఒడిలో పెట్టాడు. దిగేముందు లెక్కల మాస్టారికి తగినట్టు స్థలాన్ని పరిశీలించాడు. కుడివైపు కెరటాలు తెల్లగా విరిగి పడుతున్నాయి. ఎడమవైపూ అంతే. రెంటికీ నడుమ ఇరవై అడుగుల మేర నీరు నున్నగా, కొంచెం నల్లగా ఉంది. నురగ లేదు, హోరు లేదు. బుద్ధిమంతుడు ఎన్నుకోదగిన చోటు అదేనని ఆయనకు తోచింది.

నడుములోతు దాటాడో లేదో కాలికింద నేల జారిపోయింది. వెనుదిరిగి చూస్తే ఒడ్డు ఉండవలసిన చోట లేదు. దాని వైపు తిరిగి బలంకొద్దీ ఈదాడు. ఇరవై బారలు వేశాడు. ఒడ్డున భార్య కట్టిన పసుపుపచ్చ చీర దగ్గరకు రావడానికి బదులు చిన్నదవుతున్నది. చేతులు బరువెక్కాయి. ఉప్పునీరు గొంతులోకి పోయింది. మోటబావిలో ఎన్నడూ తెలియని సంగతి ఒకటి అప్పుడాయనకు తెలిసింది: తాను ఈదుతున్న నీరే తనను మోసుకుపోతున్నది.

ఆమె లేచి నిలబడి కేక వేసింది. భయంలో నోటికి వచ్చేది మాతృభాషే. “మా ఆయన! ఎవరన్నా రండి, మా ఆయన!”

ఆ కేకకు జవాబు కూడా తెలుగులోనే వచ్చింది. “వస్తన్నాం అమ్మా, నువ్వు దిగకు!” నిన్నటి వృద్ధుడు, అతని వెంట ఒక యువకుడు పరుగున వచ్చి ఆ నున్నని నీటిలోనే దూకారు. లోపలికి లాగే ప్రవాహాన్నే వారు వాహనం చేసుకున్నారు. క్షణాల్లో ఆయనను చేరారు. చేరి, ఆమె ఎదురు చూసినట్టు ఒడ్డువైపు తేలేదు. తీరానికి సమాంతరంగా, పక్కకు లాగారు. కెరటాలు భయంకరంగా విరిగిపడుతున్న చోటికి తీసుకుపోయారు. ఆ తెల్లని నురగ నడుమ ఆయన కాళ్ళకు నేల తగిలింది.

ఊపిరి కుదుటపడిన తరువాత వృద్ధుడు ఆయన పక్కన ఇసుకలో కూర్చున్నాడు. నిన్నటి మాట ఎత్తలేదు. “నూతిలో నీరు ఉన్నకాడే ఉంటది, బాబూ. ఈ నీరు నడుస్తది. నురగ ఉన్నకాడ అడుగున నేల ఉంటది. నురగ లేనికాడ లోతు” అన్నాడు.

ఆ ముసలివాడు చెప్పినదానికి సముద్రశాస్త్రం కూడా సాక్ష్యం పలుకుతుంది. అడుగున ఇసుకదిబ్బ ఉండి లోతు తక్కువైన చోట కెరటం కాలు తట్టుకున్నట్టు విరిగి నురగ కక్కుతుంది. దిబ్బ మీదుగా ఒడ్డుకు చేరిన నీరు ఎక్కడో ఒకచోట తిరిగి పోవాలి గదా. దిబ్బల నడుమ ఏ ఇరుకు సందు దొరికితే అందులోనుంచి వేగంగా వెనుకకు పోతుంది. ఆ సందు లోతైనది గనుక అక్కడ కెరటం విరగదు. చూసేవారికి ప్రశాంతంగా కనిపిస్తుంది. ఆ ప్రవాహం మనిషిని అడుగుకు ముంచదు, లోపలికి మాత్రం తీసుకుపోతుంది. దానికి ఎదురీదేవాడు అలసి మునుగుతాడు. పక్కకు ఈదేవాడు దాని అంచు దాటి బతుకుతాడు.

ఆ సాయంత్రం ఆ దంపతులు పెంటకోట వెళ్ళారు. పూరీ తీరంలో నోలియాల పేట అది. వీరి పూర్వులు ఆంధ్ర తీరంనుంచి చేపల వెంట వచ్చిన జాలరులు. ఒడిశా గడ్డ మీద తరాలు గడిచినా ఇళ్ళలో తెలుగే పలుకుతారు. వారి తాతలు దుంగలను తాళ్ళతో బిగించిన తెప్పల మీద, మేకు లేకుండా పలకలను కుట్టిన పడవల మీద వేటకు పోయేవారు. ఇప్పుడు ఒడ్డున ఎక్కువగా యంత్రాలు బిగించిన ఫైబర్ పడవలే ఉన్నాయి. 2019 మే 3వ తేదీ ఉదయం ఫణి తుపాను పూరీ దగ్గరే తీరం దాటింది. అంతకు ముందే రాష్ట్రమంతటా పది లక్షలకు పైగా జనాన్ని సురక్షిత స్థలాలకు తరలించడం వల్ల ప్రాణనష్టం చాలావరకు తప్పింది. కాని గుడిసెలకూ పడవలకూ వలలకూ ఆ అదృష్టం లేదు. ఆ సంగతి చెబుతూ వృద్ధుని ఇల్లాలు, “గాలి ఇల్లు పట్టుకెళ్ళింది, సముద్రం అన్నం పెడతానే ఉంది” అన్నది.

ఈ తీరంలో మునిగేవారిని జాలరి పైకి తీయడం నిన్న మొన్నటి సంగతి కాదు. చైతన్య మహాప్రభువు తన జీవితపు చివరి ఏళ్ళు పూరీలోనే గడిపాడు. వెన్నెలలో మెరిసే సముద్రాన్ని యమున అనుకొని ఒక రాత్రి ఆయన అందులో దూకాడనీ, కోణార్క వైపు కొట్టుకుపోతుండగా ఒక జాలరి వలలో పడి ఒడ్డుకు చేరాడనీ చైతన్య చరితామృతం చెబుతున్నది. ఆ జాలరి పేరు ఎవరికీ గుర్తు లేదు.

రాత్రి బసలో ఆయన చాలాసేపు మౌనంగా ఉన్నాడు. చివరకు, “రేపు పొద్దున్నే బయలుదేరి పోదాం” అన్నాడు.

ఆమె ఒప్పుకోలేదు. “నీటిలో ఉన్న భయమేమిటో మీరు చూశారు. ఒడ్డున నిలబడి చూసే భయమేమిటో నేను చూశాను. మళ్ళీ ఒడ్డున నిలబడడం నా వల్ల కాదండీ. నేనూ దిగుతాను” అన్నది. పాతికేళ్ళలో ఆమె ఆయన మాటకు అంత సూటిగా అడ్డు చెప్పడం అదే మొదటిసారి కావచ్చు.

మూడవనాడు వృద్ధుడు ఒక చేత ఆమెను, మరొక చేత ఆయనను పట్టుకొని నురగలోకి నడిపించాడు. మొదటి కెరటానికి ఆమె కళ్ళు మూసుకుంది. “కళ్ళు తెరువమ్మా, వచ్చేదాన్ని చూడాల” అన్నాడతను. చిన్న కెరటం వస్తే ఎగరమన్నాడు. పెద్దది వస్తే దాని కిందినుంచి తల వంచి దూరమన్నాడు. పదవ కెరటానికి ఆమె నవ్వింది. ఆయన మాత్రం మొదటినుంచి చివరిదాకా ఆ ముసలి చేయి వదలలేదు.

నాలుగవనాడు వారు సాతపడా వెళ్ళి చిలికాలో పడవ ఎక్కారు. ముందు ఎక్కినది ఆమె. భారతదేశంలోకెల్ల పెద్దదైన ఉప్పునీటి కయ్య అది. ఇరవాడీ డాల్ఫిన్లు తలలెత్తి నిట్టూర్చి మునిగిపోతుంటే పడవవాడు యంత్రం ఆపాడు. దూరాన సరస్సుకూ సముద్రానికీ నడుమ ఇసుక కట్ట, దానికొక గండి. ఈ తీరం వెంబడి నడిచే ఇసుక పాత ముఖద్వారాన్ని పూడ్చివేస్తుంటే చిలికాలో ఉప్పదనం తగ్గి, చేపలు తరిగి, జాలరులు అల్లాడిపోయారు. 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తవ్వారు. చేపలు తిరిగి వచ్చాయి. ఆ గండి దగ్గర కూడా తెల్లని నురగ ఒకచోట, నల్లని నీరు ఒకచోట. ఇద్దరూ దానివైపు చూశారు, ఇద్దరూ ఒకరికొకరు ఏమీ చెప్పుకోలేదు.

బయలుదేరేముందు ఆయన తీరానికి పోయి వృద్ధుణ్ణి వెదికాడు. చేతిలో కొంత సొమ్ము మడిచి పెట్టుకున్నాడు. అతను అప్పటికే ఒక వంగ కుటుంబంలోని బాలుణ్ణి భుజాన ఎత్తుకొని అలల్లో ఉన్నాడు. దూరంనుంచే టోపీ ఎత్తి చూపాడు. ఆయన ఆ సొమ్మును ఒడ్డున ఉన్న యువకుని చేతిలో పెట్టి, రెండు చేతులూ జోడించి వెనుదిరిగాడు.

తిరుగు రైలు ఖుర్దా రోడ్డు దాటిన తరువాత చాలాదూరం చిలికా అంచు పట్టుకొని పోతుంది. ఆమె కిటికీ పక్కన కూర్చున్నది. సరస్సు అద్దంలా కదలక మెదలక ఉంది. చిన్ననాటి చెరువులాగే ఉందని ఆయన అనబోయి ఊరుకున్నాడు. రెప్ప వేయకుండా ఆ నీటినే చూస్తూ కూర్చున్నాడు. ఆయన కళ్ళు నురగను వెదుకుతున్నాయి.