చిత్తుప్రతి

పాఠాంతరాలను గురించి తరగతిలో చెప్పవలసి వచ్చినప్పుడల్లా బ్రౌను దొరను తలచుకొనడం నాకు అలవాటు. ఒకే కావ్యానికి పలు వ్రాతప్రతులు తెప్పించి, పండితులచే సరిచూపించి, శుద్ధప్రతి వ్రాయించిన మహనీయుడాయన. ఒకనాడు ఆ పాఠం ముగిసిన పిదప ఒక విద్యార్థి దగ్గరకు వచ్చి, "పాటలకు కూడా ఇటువంటి ప్రతులున్నాయి సార్, వింటారా?" అని తన ఫోను అందించాడు. బీటిల్స్ బృందం వారి 'రివాల్వర్'. ఆంగ్ల సంగీతంలో నా ప్రవేశం అంతంతమాత్రం. మొగమాటానికి విన్నాను.

1966 ఆగస్టులో 14 పాటలతో వెలువడిన రికార్డు అది. 2022 అక్టోబరులో దానిని విస్తరించి 5 సి.డి.ల సంపుటంగా తిరిగి విడుదల చేశారు. ఆనాటి టేపు మీద శబ్దానికి నాలుగే వరుసలు. డ్రమ్ములూ గిటారూ ఒకే వరుసలో కలిసిపోయి ఉండేవి. చిత్రదర్శకుడు పీటర్ జాక్సన్ బృందం న్యూజిలాండులో రూపొందించిన కంప్యూటరు పద్ధతి వాటిని విడదీసింది. నాటి నిర్మాత జార్జి మార్టిన్ కుమారుడు గైల్స్ మార్టిన్ వాటిని మరల కూర్చాడు. పాలనూ నీళ్ళనూ వేరుచేసే హంసను గురించి కావ్యాలలో చదివాను గాని, యంత్రంలో చూడడం అదే మొదలు.

అయితే నన్ను కదిలించినది ఆ కొత్త కూర్పు కాదు, నాడు పక్కన పెట్టిన ముద్రణలు. సితారు, తబలాలతో నిండిన 'లవ్ యు టు' మొదటి ప్రయత్నంలో గిటారుతో సాగిన పాట. పిల్లలు కేరింతలతో పాడుకొనే 'ఎల్లో సబ్‌మెరీన్' మాట మరీ వింత. జాన్ లెనన్ ఇంటివద్ద పాడి ఉంచిన తొలి టేపులో ఓడా లేదు, సముద్రమూ లేదు. పుట్టినచోట తన్ను పట్టించుకొన్నవారే లేరన్న ఒంటరి గొంతు మాత్రమే ఉంది. అంతటి దిగులు కడుపున అంతటి ఉల్లాసం పుట్టిందంటే, తొలిప్రతి వినకుండా నేను నమ్మేవాడను కాను. అన్నీ వినదగినవేనని అనను. కొన్ని పరిశోధకులకు తప్ప రుచించవు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అబ్బాజాన్ ఉర్దూలో గజళ్ళు వ్రాసేవారు. వారు పోయిన ఏడాది నేనే శ్రద్ధగా వాటికి శుద్ధప్రతి వ్రాయించి, కొట్టివేతలతో నిండిన పాత నోటుపుస్తకాలను తూకానికి ఇచ్చివేశాను. పాఠాంతరాలు బోధించి జీతం తీసుకొనేవాడు చేసిన పని అది! అమ్మీ ఆనాడు గుమ్మంలో నిలబడి చూసిందే గాని, ఏమీ అనలేదు.

మొన్న వారి నిఘంటువు తిరగేస్తుండగా ఒక చిత్తుకాగితం దొరికింది. ఒక షేర్‌లో ఒక పదాన్ని కొట్టివేసి, పైన మరొకటి వ్రాశారు. దానినీ కొట్టివేసి మూడవది వ్రాశారు. చివరకు అంచున, చిన్న అక్షరాలలో, మొదటి పదమే మళ్ళీ ఉంది. శుద్ధప్రతి తెరచి చూశాను. అందులో మూడవ పదం ఉంది.