కోడి గంప దాటకముందే టీకా

కొక్కెర తెగులు కోళ్లకు వైరస్ వల్ల వచ్చే అంటువ్యాధి. పశువైద్యుల వాడుకలో దీని పేరు రాణిఖేత్. 1920ల చివర్లో కుమావూ కొండల్లోని రాణిఖేత్ అనే ఊళ్లో గుర్తించడంతో మన దేశంలో ఆ పేరే నిలిచింది. ఇంచుమించు అదే కాలంలో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో బయటపడినందున తక్కిన ప్రపంచానికి న్యూకాజిల్ వ్యాధి. సోకిన కోడి రెక్కలు వేలాడేసి మూలన మునగదీసుకుంటుంది, ముక్కు తెరిచి గురక పెడుతుంది, పచ్చగా పారుకుంటుంది. నాలుగు రోజులు బతికినదానికి మెడ మెలితిరుగుతుంది. వచ్చాక మందు లేదు. ముందే టీకా వెయ్యాలి.

సాలూరు నుంచి ఒడిశా వైపు ఘాట్ రోడ్డుకు అటూ ఇటూ కొండదొరల, జాతాపుల, గదబల ఊళ్లున్నాయి. చేతిలో డబ్బు ఆడనప్పుడు అక్కడ సంతకు దిగేది పుంజే. కొత్తల పండుగకూ కోడి కావాలి. నాటు పెట్ట ఏడాదికి పెట్టేది యాభై, అరవై గుడ్లు. వాటిలో కొన్నిటిని తినకుండా పొదగేస్తారు. 21 రోజుల పొదుగు, ఆపైన గద్దల కాపలా. అలా పెంచిన మంద తెగులు తగిలితే వారం తిరక్కుండా ఊడ్చుకుపోతుంది.

కొండ మీది ఒక ఊళ్లో టీకా పని తొలికోడి కూతతోనే మొదలైంది. తెల్లారి గంపలెత్తితే కోళ్లు తుప్పల్లో పడతాయి, ఇక సాయంత్రం దాకా దొరకవు. థర్మాస్‌లో ఐసు ముక్కల మధ్య వేలెడు సీసా, అడుగున ఎండు పొడి. ద్రావకం పోసి కలిపాక రెండు గంటల్లో అయిపోవాలి. ఇంటామె గంప ఓరగా ఎత్తి, చెయ్యి దూర్చి, ఒక్కొక్కదాన్నే తీసి ఇచ్చింది. కోడిపిల్లలకు కంట్లో లసోటా టీకా చుక్క. చుక్క వేసిన కుర్రాడు రెప్ప పడేదాకా పిల్లను వదల్లేదు. ఆర్పకముందే విదిలిస్తే మందు నేలపాలే. ఎనిమిది వారాలు దాటినవాటికి రెక్క కింద ఆర్‌టూబీ టీకా సూది. పెట్ట ఒకసారి గింజుకుని, కింద పెట్టగానే ఈకలు దులుపుకుని పోయింది.

టీకా ఎక్కువగా చెడేది దారిలోనే. 2 నుంచి 8 డిగ్రీల చలి తప్పితే సీసాలో ఉన్నది ఉత్త నీళ్లే. ఆస్ట్రేలియాలో తయారైన ఐ-2 టీకా వేడికి కొంత ఓర్చుకుంటుంది. మొజాంబిక్, టాంజానియా పల్లెల్లో దాన్ని కంటి చుక్కగానే వేస్తున్నారు. ఫ్రిజ్ లేని కొండ ఊళ్లకు కావలసింది అలాంటిదే.

తెగులు ఊరు దాటడానికి సంత మంచి దారి. మెడ వాల్చిన కోడిని చచ్చేలోపు ఎంతకో అంతకు అమ్ముకోవాలనే చూస్తారు. పోయేది తమ సొమ్ము గనుక ఆ తొందరను తప్పుపట్టడం కష్టం. అయితే అదే గంపలో వైరస్ మరో ఊరికి చేరుతుంది. అందుకే సంతలో కొన్న కోడిని రెండు వారాలు విడిగా కట్టెయ్యాలి. చచ్చినవాటిని గెడ్డలో పారెయ్యకుండా సున్నం చల్లి లోతుగా పాతాలి. టీకా కూడా ఒక్కసారితో తీరేది కాదు. ప్రతి పొదుగుకూ కొత్త పిల్లలు దిగుతాయి గనుక కొన్ని నెలలకోసారి ఆ థర్మాస్ మళ్లీ కొండెక్కాలి.