గొడుగులాయన గది

సంగీతకారుడి దినచర్య ఎలా ఉంటుంది? పొద్దున్నే లేవడం, సాధన చేయడం, శిష్యులకు పాఠం చెప్పడం... ఇంతేగా అనుకుంటాం. ఫ్రెంచి స్వరకర్త ఎరిక్ సాటీ మాత్రం నిమిషాలతో సహా లెక్క చెప్పాడు. తను నిద్రలేచేది 7.18కి. సంగీతం మీద ప్రేరణ కలిగేది 10.23కి, ఆగిపోయేది 11.47కి. మధ్యాహ్న భోజనానికి మూడంటే మూడే నిమిషాలు. ఆ తర్వాత సొంత తోటలో గంటన్నర గుర్రపుస్వారీ. రాత్రి పడుకున్నాక గంటకోసారి నౌకరు వచ్చి ఒంట్లో వేడెంతుందో చూసి వెళ్తాడు!

1913లో పారిస్‌లోని ఓ సంగీత పత్రికకు ఆయన రాసిన వ్యాసంలోని ముచ్చట్లివి. తిండి సంగతీ అందులోనే చెప్పాడు. తెల్లగా ఉన్నవి తప్ప ఏదీ ముట్టడట. గుడ్లు, పంచదార, ఉప్పు, కొబ్బరి, అన్నం... ఆ వరసలోనే దూదితో చేసిన సలాడ్! పాపం, మన పెరుగన్నం గురించి ఆయనకు తెలియదు. తెలిస్తే జాబితాలో మొదట అదే ఉండేది.

చదివితే నవ్వాగదు. ఆ నవ్వు ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియాలంటే మాత్రం మూడు చోట్లకు వెళ్లాలి. ఆయన పుట్టిన ఓన్‌ఫ్లర్, పొట్టకోసం పియానో వాయించిన మోన్‌మార్త్, చివరిదాకా ఒంటరిగా ఉన్న ఆర్కోయ్.

రెక్కలున్న పండు

సెన్ నది సముద్రంలో కలిసేచోట ఉంటుంది ఓన్‌ఫ్లర్. ఫ్రాన్స్‌లోని నార్మండీ ప్రాంతంలో చిన్న రేవు పట్నం. పాత ఓడరేవు చుట్టూ సన్నగా, ఎత్తుగా, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఇళ్లు. నీళ్లలో వాటి నీడలు. కాస్త లోపలికి వెళ్తే పూర్తిగా చెక్కతో కట్టిన సెయింట్ కేథరీన్ చర్చి. ఓడలు తయారుచేసే వడ్రంగులే దాన్నీ కట్టారు. అందుకే తలెత్తి చూస్తే పైకప్పు బోర్లించిన ఓడలా కనిపిస్తుంది. మోనే లాంటి చిత్రకారులు ముచ్చటపడి బొమ్మలు గీసిన ఊరిది.

ఇక్కడే 1866 మే 17న సాటీ పుట్టాడు. ఆరేళ్లకే తల్లి పోయింది. పిల్లాణ్ని తాత, నాయనమ్మల దగ్గర ఉంచారు. ఆయన పుట్టిన ఇంటిని 1998లో మ్యూజియంగా తెరిచారు. అద్దాల బీరువాల్లో పాత కళ్లజోడు, చేతికర్ర లాంటివి ఉంటాయనుకుని వెళ్లినవాళ్లకు అక్కడో వింత ఎదురవుతుంది. రెక్కలు ఆడిస్తూ పేద్ద బేరిపండు! మరో గదిలో గోడలూ నేలా పియానో అన్నీ తెలుపే. వాయించేవాళ్లు లేకుండానే ఆ పియానో మోగుతుంది. ఇంకోచోట రంగులరాట్నం లాంటిది ఉంటుంది. చూడ్డానికొచ్చినవాళ్లే ఎక్కి పెడల్ తొక్కితే తిరుగుతుంది.

ఇంతకీ బేరిపండు ఎందుకు? దాని వెనకో కథ చెబుతారు. సాటీ సంగీతంలో రూపం సరిగా కుదరడం లేదని మిత్రుడు డెబ్యుసీ ఓసారి అన్నాడట. సాటీ ఏమీ మాట్లాడలేదు. కొన్నాళ్లకు 'బేరిపండు రూపంలో మూడు ముక్కలు' అని పేరుపెట్టి కొత్త రచన పట్టుకొచ్చాడు. ఇదిగో రూపం అన్నట్టు! తీరా చూస్తే అందులో ఉన్నవి మూడు కాదు, ఏడు.

అల్మరాలో కాపురం

రెండో మజిలీ పారిస్‌లోని మోన్‌మార్త్ గుట్ట. పైన తెల్లటి గుమ్మటాల సాక్రెకర్ చర్చి. మెట్లనిండా యాత్రికులు. ఆ రద్దీ దాటి వెనక్కి వెళ్తే రాళ్లు పరిచిన ఇరుకు వీధి... రూ కోర్తో. అందులో ఆరో నంబరు ఇంట్లో 1890లో సాటీ అద్దెకు దిగాడు. అప్పటికే సంగీత కళాశాలలో సోమరిపోతని పేరు తెచ్చుకుని బయటికొచ్చాడు. ఇప్పుడు ప్రపంచమంతా వినే 'జిమ్నోపెడీ' స్వరాలు ఇరవై రెండేళ్లకే రాసేశాడు. కానీ అవి కూడు పెట్టలేదు. 'నల్లపిల్లి' అనే కాబరేలో తాగేవాళ్ల మాటల మధ్య పియానో వాయించేవాడు. డబ్బు చాలక అదే భవనంలో ఇంకా చిన్న గదికి మారాడు. దానికి ఆయన పెట్టుకున్న పేరు 'అల్మరా'.

ఆ రోజుల్లోనే, 1893లో, చిత్రకారిణి సుజాన్ వలదోన్‌తో ప్రేమ. ఆరు నెలలైనా నిలవలేదు. ఆయన జీవితంలో మరో ప్రేమ ఉన్నట్టు ఎక్కడా ఆధారం లేదు. దాదాపు అప్పుడే ఒకే ఒక్క పేజీ సంగీతం రాసి, దాన్ని 840 సార్లు వాయించే సంగతి పైన ప్రస్తావించాడు. అందరూ హాస్యమనే అనుకున్నారు. 1963లో న్యూయార్క్‌లో జాన్ కేజ్ అనే స్వరకర్త కొందరు పియానో కళాకారుల్ని పోగేసి నిజంగానే వాయింపజేశాడు. మన ఊళ్లలో అఖండ భజనకు వంతులు వేసుకున్నట్టు ఒకరి తర్వాత ఒకరు కూర్చుంటే పద్దెనిమిది గంటలకు పైనే పట్టింది!

1895లో చేతిలో కాస్త సొమ్ము పడింది. మరొకరైతే మంచి ఇల్లు చూసుకునేవారు. సాటీ ఒకే రంగు, ఒకే తీరు వెల్వెట్ సూట్లు ఏడు కొనుక్కున్నాడు.

నీళ్లు మోసిన చేతులు

మూడో చోటుకు పర్యాటకులు పెద్దగా వెళ్లరు. పారిస్ నుంచి దక్షిణంగా వెళ్లే లోకల్ రైలెక్కితే కాసేపట్లోనే ఆర్కోయ్. అప్పట్లో కార్మికుల పేట. గుట్ట మీద గది అద్దె కూడా భారమై 1898లో సాటీ ఇక్కడికి వచ్చేశాడు. 'నాలుగు పొగగొట్టాల ఇల్లు' అని పిలిచే భవనంలో ఒక్క గది. అందులో కుళాయి లేదు. వీధిలోని పంపు దగ్గర పట్టుకుని మోసుకోవాల్సిందే.

తమాషా ఏంటంటే, ఈ ఊరికి గుర్తే నీళ్ల వంతెన. లోయకు అడ్డంగా కమానుల మీద పదిహేడో శతాబ్దంలో ఒకటి కట్టారు. దాని నెత్తిమీదే పంతొమ్మిదో శతాబ్దంలో మరొకటి. పారిస్ వాసుల కోసం నీళ్లు ఊరిమీదుగా పోతుంటే, కింద సంగీతకారుడు బిందె మోసుకుంటున్నాడు!

కాబరేలో పని కోసం రోజూ పారిస్‌కు నడిచేవాడు. సుమారు పది కిలోమీటర్లు. దారిపొడవునా కెఫేల్లో ఆగుతూ, రాసుకుంటూ వెళ్లేవాడు. రాత్రి చివరి రైలు తప్పిపోతే మళ్లీ నడకే. వీధిదీపం కింద నిలబడి స్వరాలు రాసుకునేవాడని, దొంగల భయానికి జేబులో సుత్తి పెట్టుకునేవాడని చెబుతారు. వానొస్తే గొడుగు తడిసిపోతుందని కోటు లోపల దాచుకునేవాడట! అయినా ఊరంటే చిన్నచూపు లేదు. పేటలో పిల్లలకు సంగీతం చెప్పాడు, వాళ్లను షికార్లకు తీసుకెళ్లాడు. ఆ సేవకు 1909లో గౌరవ పురస్కారం కూడా అందింది. తన సంగీతాన్ని వెక్కిరించినవాళ్ల నోళ్లు మూయించడానికి ముప్ఫై తొమ్మిదేళ్ల వయసులో మళ్లీ బడిలో చేరి, కుర్రాళ్ల మధ్య కూర్చుని 1908లో డిప్లొమా సాధించాడు.

మిత్రులు ఎందరున్నా ఎవర్నీ గదిలోకి మాత్రం రానివ్వలేదు. ఇరవై ఏడేళ్లూ అంతే. 1925 జులై 1న పారిస్ ఆసుపత్రిలో ఆయన కన్నుమూశాకే తమ్ముడూ స్నేహితులూ ఆ తలుపు తీశారు. లోపల దుమ్ము, చెత్త. ఒకదాని మీద ఒకటి ఎక్కించిన రెండు పియానోలు. విప్పని ఉత్తరాలు. లెక్కలేనన్ని గొడుగులు. పాత వెల్వెట్ సూట్లు. ఇక దొరకదనుకున్న ఓ నాటక సంగీతం పియానో వెనకాల దొరికింది. సుజాన్‌కు రాసి పంపని ఉత్తరాలూ అక్కడే ఉన్నాయి. చిన్నచిన్న కాగితాల మీద ముత్యాల్లాంటి అక్షరాలతో, ఎక్కడా లేని కోటల బొమ్మలు...

అప్పుడు గానీ 1913 నాటి దినచర్య ఎవరిదో అర్థం కాలేదు. తోటలో గుర్రపుస్వారీ చేసినాయన రోజూ పది కిలోమీటర్లు కాలినడకన వెళ్లినాయనే. గంటకోసారి నౌకరును రప్పించుకున్నాయన తన నీళ్లు తనే మోసుకున్నాయనే. లేనివన్నీ లెక్కగా, నిమిషాలతో సహా రాసుకున్నాడు. ఉన్నవాటి గురించి ఒక్క ముక్క రాయలేదు. లోకం నవ్వుతూ ఉండిపోయింది. ఎవరూ జాలిపడలేదు. బహుశా ఆయనకు కావాల్సిందీ అదే.

ఓన్‌ఫ్లర్‌లో బేరిపండు ఇంకా రెక్కలాడిస్తోంది. ఆర్కోయ్ శ్మశానంలో మాత్రం ఆయన సమాధి సాదాసీదాగా ఉంటుంది. మొదటిది చూసి నవ్వుకున్నవాళ్లు, వీలుంటే రెండోదాకా వెళ్లాలి. రైల్లో కాదు... ఆయనలాగే, నడుచుకుంటూ.