చీకటి పడితేనే ఇంటికొచ్చే పక్షులు

వేల్స్ పశ్చిమ కొసన, పెంబ్రోక్‌షైర్ తీరానికి ఎదురుగా స్కోమర్ అనే చిన్న దీవి ఉంది. వైశాల్యం మూడు చదరపు కిలోమీటర్ల లోపే. మార్టిన్స్ హేవెన్ రేవులో పడవెక్కితే పావుగంటలో చేరిపోతాం. దిగాక కొండ అంచు మీదికి 87 మెట్లు. సౌత్ అండ్ వెస్ట్ వేల్స్ వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ సంరక్షణలో ఉన్న సముద్రపక్షుల దీవి అది. కార్డిఫ్‌లో ఉద్యోగం చేసుకునే నేను జూన్ మొదట్లో సెలవు పెట్టి అక్కడ వాలంటీరుగా పనిచెయ్యడానికి వెళ్లాను.

వెళ్లేముందు సంచులన్నీ విప్పి, దులిపి, మళ్లీ సర్దుకోవాలి. ఇదంతా ఎలుక కోసం. స్కోమర్‌లో ఎలుకల్లేవు, పిల్లుల్లేవు, నక్కల్లేవు. ఇన్ని లక్షల పక్షులు నేలలోని బొరియల్లో నిశ్చింతగా గుడ్లు పెడుతున్నాయంటే అదే కారణం. కడుపుతో ఉన్న ఒక్క ఎలుక బియ్యం సంచిలో దాక్కుని ఒడ్డుకు చేరితే చాలు, మిగతా కథ ఊహించుకోవచ్చు. దక్షిణాన ఉన్న లండీ దీవిలో ఆ కథ నిజంగానే జరిగింది. ఎలుకలు గుడ్లనూ పిల్లలనూ తినేస్తుంటే 2001 నాటికి అక్కడ మాంక్స్ షియర్‌వాటర్ పక్షులు 300 జంటలు కూడా మిగల్లేదు. 2002 నుంచి 2004 దాకా పనిగట్టుకుని ఎలుకల్ని నిర్మూలించాక, 2018 వచ్చేసరికి ఆ జంటలు అయిదు వేలు దాటాయి. ఇది తెలిశాక సంచి దులపడం నాకు చాదస్తంలా అనిపించలేదు.

పగటి పూట మా పని చాలావరకు మనుషులతోనే. రోజుకింతమందినే దీవి మీదికి రానిస్తారు. వచ్చినవాళ్లందరికీ ముందు చెప్పేది ఒకటే: బాట దిగొద్దు. బాటకు అటూ ఇటూ పచ్చిక కింద నేలంతా డొల్ల. కుందేళ్లు తవ్వినవీ పక్షులు తవ్వుకున్నవీ కలిసి కలుగుల మీద కలుగులు. కాలు వేస్తే పైకప్పు కూలి లోపలి గుడ్డో పిల్లో నలిగిపోతుంది. జనమంతా పఫిన్‌ల కోసం వస్తారు. ది విక్ అనే కొండచరియ దగ్గర అవి మన కాళ్ల పక్కనుంచే, రంగు రంగుల ముక్కు నిండా శాండ్ ఈల్ అనే సన్నటి చేపలు అడ్డంగా పట్టుకుని, గబగబా బొరియల్లోకి దూరిపోతాయి.

ఒకరోజు కొడుకూ కోడలితో విజయవాడ మామ్మగారు ఒకావిడ వచ్చారు. మెట్లన్నీ ఎక్కి వచ్చి, బల్ల మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంటున్నారు. నేను తెలుగులో పలకరిస్తే ముఖం వెలిగిపోయింది. చేపలతో వాలిన పఫిన్‌ను అక్కడ కాచుక్కూచున్న గల్ పక్షి తరుముతుంటే చూసి, "అయ్యో, పిల్లకి పెట్టుకోవడానికి ఇంత అవస్థా తల్లీ! ఎంతమంది పిల్లలు దానికి?" అన్నారు.

"ఏడాదికి ఒక్కటేనండీ. గుడ్డు ఒక్కటే పెడుతుంది."

"ఒక్కటేనా!" అని మరి మాట్లాడలేదు. వెళ్లేదాకా ఆ బొరియ వైపే చూస్తూ ఉండిపోయారు.

మాది సిక్కోలు వైపు. మా తేలినీలాపురంలో గూడబాతులు చింతచెట్ల మీద, ఇళ్ల నడుమనే గూళ్లు కడతాయి. అవి రాకపోతే ఊరికి మంచిది కాదని పెద్దల నమ్మకం. మనుషుల మధ్య ఉండటమే అక్కడి పక్షులకు రక్ష. స్కోమర్‌లో మనిషి ఎంత తక్కువ కదిలితే పక్షికి అంత మేలు. రెండూ ప్రేమే అని నా నమ్మకం. అయితే ఈ రెండోది నాకు కొత్త, కష్టమైనది కూడా.

ఆఖరి పడవ వెళ్లాక కూడా దీవికి అసలు యజమానులు కనపడరు. జూన్‌లో అక్కడ పొద్దు గుంకేసరికే రాత్రి తొమ్మిదిన్నర. పూర్తిగా చీకటి పడ్డాకే షియర్‌వాటర్‌లు ఒడ్డుకొస్తాయి. సుమారు మూడున్నర లక్షల జంటలు. ప్రపంచం మొత్తం మీది మాంక్స్ షియర్‌వాటర్‌లలో దాదాపు సగం ఈ చారెడు నేల మీదే గుడ్లు పెడతాయి. ఎర్ర లైటు టార్చి పట్టుకుని పాడుబడ్డ పాత ఫారం ఇంటి దగ్గర నిలబడ్డాం. ముందు ఒకటి కూసింది. కాసేపటికి ఆకాశమూ నేలా కలిసి కూశాయి. గొంతు పట్టేసిన కోడిపుంజు కూతకు పసిపిల్ల ఏడుపు జోడిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. పై నుంచి వచ్చే మొగుడి కూతను బొరియలోని పెళ్లాం గుర్తుపడుతుందట. అంత గోలలోనూ!

నీళ్ల మీద అంత ఒడుపుగా ఎగిరే పక్షి నేల మీద నడవలేదు. కాళ్లు బాగా వెనక్కి ఉంటాయి, ఈదడానికే అవి. దబ్బున పడి, రొమ్ము మీద పాక్కుంటూ పోతుంది. అందుకే చీకటి కావాలి. వెన్నెల రాత్రుల్లో తక్కువగా వస్తాయి, అమావాస్య దగ్గర పడితే పండగే. పొద్దున్నే బాట మీద నల్లవీపు గల్ పక్షులు తిని వదిలేసిన మిగుళ్లు కనిపించేవి: ఎముకకు అంటుకున్న జత రెక్కలు, లోపలిది పైకి తిరగేసిన తోలు. వాటిని చూడటం నాకు చివరిదాకా అలవాటు కాలేదు. గల్ పక్షికీ పిల్లలున్నాయని దీవి వార్డెన్ చెప్పింది, నిజమే.

మా పనుల్లో నాకు బాగా నచ్చింది లెక్క. ఇన్ని బొరియల్ని తవ్వి చూడలేం కదా. బొరియ నోటి దగ్గర చిన్న స్పీకరు పెట్టి షియర్‌వాటర్ కూత వినిపిస్తాం. లోపల గుడ్డు మీద కూర్చున్నది కోపంగా బదులిస్తే ఒక గీత. ఉన్న ప్రతిదీ పలకదు. కాబట్టి పక్షి ఉందని ముందే తెలిసిన కొన్ని బొరియల దగ్గర ఎన్నింటికి ఎన్ని పలుకుతున్నాయో విడిగా చూసి, ఆ నిష్పత్తితో మొత్తం సరిచేస్తారు. గడ్డిలో బోర్లా పడుకుని, మట్టికి చెవి ఆనించి గంటలకొద్దీ వినే పని ఇది.

గుడ్డు పొదిగేది దాదాపు 51 రోజులు, ఇద్దరూ వంతులేసుకుని. ఒకరు లోపల పస్తుంటే ఒకరు సముద్రంలో. బాగా బలిసిన పిల్లను వదిలేసి పెద్దవి ముందే వెళ్లిపోతాయి. తర్వాత ఆ పిల్ల ఎవరి తోడూ లేకుండా, ఒక రాత్రి బయల్దేరి, అట్లాంటిక్ దాటి అర్జెంటీనా వైపు పోతుంది. దక్షిణంగా కనిపించే స్కోకోమ్ దీవి నుంచి 1952లో ఒక షియర్‌వాటర్‌ను విమానంలో అమెరికాలోని బోస్టన్‌కు తీసుకెళ్లి వదిలారు. పన్నెండున్నర రోజుల్లో అది సుమారు అయిదు వేల కిలోమీటర్లు ఎగిరి తన బొరియకు తిరిగొచ్చింది. దాన్ని వదిలామని రాసిన ఉత్తరం ఆ తర్వాత అందింది.

మబ్బుల్లేని రోజు పడమటి వైపు గ్రాస్‌హోమ్ కనపడుతుంది. గన్నెట్ పక్షుల దీవి. 2022లో బర్డ్ ఫ్లూ వచ్చి, మరుసటేడాదికి అక్కడి గూళ్లు సగానికి పైగా తగ్గిపోయాయి. ఎలుకను ఆపినట్టు దాన్ని ఆపే వీల్లేదు. ఆ తెల్లటి రాతిని బైనాక్యులర్స్‌లో చూస్తూ వార్డెన్ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నాకూ అడగాలనిపించలేదు.

బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లు ఎవరైనా వాలంటీరుగా వెళ్లాలనుకుంటే ముందుగా దరఖాస్తు పెట్టుకోండి, దీవిలో వాలంటీర్లకుండే కాసిని పడకలకు పోటీ ఎక్కువ. ఎర్ర లైటు టార్చి, వాన కోటు, వేసవైనా సరే స్వెటరు తప్పనిసరి. బియ్యం, పప్పు, పచ్చళ్లు గట్టి మూతలున్న ప్లాస్టిక్ డబ్బాల్లోనే పెట్టుకోండి, ఎలుక కొరకలేనివి. సర్దడం అయ్యాక ఆ సంచిని రాత్రంతా తెరిచి నేల మీద వదలొద్దు.