ఉచ్చుకీ నీళ్లు కావాలి

జూలై 6, ముదిగుబ్బ
చెనక్కాయ చేని గట్టున కుక్కవావింట పూసింది. కాండం ముట్టుకుంటే వేళ్లకు జిగురు. నూగులో సన్న దోమలు అతుక్కుని చచ్చి ఉన్నాయి. "ఇది పురుగుల్ని తింటాదా సార్?" అన్నాడు పక్క చేను పెద్దాయన. పట్టుకున్నదల్లా తిన్నట్టు కాదు. చచ్చిన పురుగును అరిగించుకుని, ఆ సారాన్ని ఒంటికి పట్టించుకుంటేనే మాంసాహార మొక్క. కుక్కవావింటను ఆ లెక్కలో చేర్చరు.

జూలై 19
డ్రోసెరా అనే మొక్క అసలైన వేటగత్తె. తూర్పు కనుమల్లో చెమ్మ నేలల మీద, రూపాయి బిళ్లంత. ఆకు నిండా ఎర్రటి నూగు, ప్రతి కొసనా మెరిసే జిగురు చుక్క. వాలిన పురుగు గింజుకునే కొద్దీ మరిన్ని కొసలు తగులుకుంటాయి. డ్రోసెరా బర్మానీలో అంచు నూగు సెకన్లలోనే లోపలికి వంగుతుంది. జిగురు కమ్మి పురుగుకు ఊపిరాడదు. ఆ గ్రంథులే ఆమ్లాన్నీ ఎంజైములనూ ఊరించి మాంసకృత్తులను కరిగిస్తాయి. నత్రజని, భాస్వరం ఆకులోకి ఇంకిపోతాయి. చివరికి మిగిలేది పైడొల్ల.

1875లో డార్విన్ పురుగులను తినే మొక్కల మీద పెద్ద పుస్తకమే వేశాడు. డ్రోసెరా ఆకు మీద గాజు ముక్క పెడితే వంగిన నూగు తొందరగా విడిపోయింది. మాంసం తునకను మాత్రం చాలాకాలం వదల్లేదు.

ఆగస్టు 11
వాన జాడ లేదు. మొక్కలు పురుగులను వేటాడటానికి బక్క నేలే కారణమైతే మన మెట్ట చేలన్నీ ఇలాంటి మొక్కలతో నిండాలి కదా? వృక్షశాస్త్రవేత్త టామస్ గివ్నిష్ 1984లో చెప్పిన జవాబు నాకు నచ్చింది: ఉచ్చు ఖర్చుతో కూడిన పని. ఎండా నీరూ దండిగా ఉండి, నేలలో పోషకాలే కొరవైన చోట ఆ ఖర్చు గిట్టుబాటవుతుంది. ఇక్కడ ముందు నీళ్లకే కరువు.

ఆగస్టు 24
చెనక్కాయ మొక్క పీకి చూశాను. వేరు బుడిపెను గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు. అందులోని రైజోబియా బాక్టీరియా గాలి నత్రజనిని మొక్కకు అందిస్తుంది, బదులుగా చక్కెర తీసుకుంటుంది. డ్రోసెరా వేటాడి తెచ్చుకునే నత్రజనిని మన పంట పొత్తు మీద సంపాదిస్తోంది. మెట్ట రైతుకు ఇంతకన్నా మేలు చేసే ఏర్పాటు నాకు కనబడదు.

సెప్టెంబరు 15
రాత్రి మంచి వాన. మన రాష్ట్రపు కుంటల్లో, వరి మడుల్లో పెరిగే యుట్రిక్యులేరియా అనే మరో మాంసాహార మొక్కకు వేళ్లే ఉండవు, సన్నని తిత్తులుంటాయి. తిత్తిలోని నీటిని ముందే తోడేసి కాచుకుంటుంది. నీటిపురుగు వాకిలి నూగును తాకగానే తలుపు లోపలికి తెరుచుకుని, నీటితో సహా పీల్చేస్తుంది. సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు.

ఎరువు కొట్టుకొచ్చి నీరు బలిస్తే నాచు, గడ్డి ఈ మొక్కలను కమ్మేస్తాయి. ఊట బండలను పగలగొడితే డ్రోసెరాకు నిలువ నీడ ఉండదు. వానల తర్వాత కుంట గట్లకు పిల్లలను తీసుకెళ్లండి. చూపించండి, పీకనివ్వకండి.